నూనె పెట్టిన సితారా

మా ఆయన పోయాక, నలభై దాటి, అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. ఇది మా ఆడబిడ్డ రెబెక్కమ్మ సంగతి.

వాకాడు అవతల, సముద్రం పక్క ఊళ్లో అందరూ వాళ్లింట్లో ఉన్న వాయిద్యాన్ని సితారా అనేవాళ్లు, బైబిల్లో ఆ మాట ఉంది గనుక. నిజానికి అది ఫిడేలులాగా కమానుతో వాయించేది. మిషను ఆసుపత్రిలో పనిచేసిన విదేశీ నర్సమ్మ తన దేశం వెళ్లిపోతూ రెబెక్కమ్మ భర్త జకరయ్యకు ఇచ్చింది. దానికి లోహపు తీగెలుండవు. గుర్రపు వెంట్రుకలతో పేనిన పేటలు మూడు. కమానుకూ ఆ వెంట్రుకలే. పేటలు జకరయ్య తన చేత్తో పేనుకున్నవి. పొద్దు వాలగానే గుమ్మంలో కూర్చుని ఒకే పాట వాయించేవాడు.

1961లో జ్వరం వచ్చి జకరయ్య పోయాడు. ఏడాది తిరిగినాక ఆయన జ్ఞాపకంగా పెట్టే ప్రార్థన కూటంలో ఆ పాట వినాలని రెబెక్కమ్మ ప్రాణం కొట్టుకుంది. అతని దగ్గర నేర్చుకున్న దావీదు వారం ముందే వచ్చాడు. కమాను లాగితే జర్రున జారిపోయింది గానీ చప్పుడు లేదు. దావీదు వేళ్లు వాసన చూసుకున్నాడు.

“వదినా, దీనికి కొబ్బరినూనె పెట్టినావా?”

“ప్రతి శనివారం పెట్టినా. వెంట్రుకలే గదా, ఎండిపోతాయని.”

“జడ గూడా వేయకపోయినావా!” అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. “నూనె తగిలితే పలకదు వదినా. ఇవి కోసేసి కొత్తవి కట్టాల.”

“కుంకుడురసంతో కడిగితే?”

మూడుసార్లు కడిగారు. జిడ్డు వదల్లేదు, పైగా ఒక పేట పురి విడిపోయింది. పాట కావాలంటే ఆయన పేనినవి పోవాలి. రెబెక్కమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు తనే కత్తెర తెచ్చింది.

“నువ్వు కొయ్యబాక. నేనే కోస్తా.”

దావీదు హజరత్తయ్య జట్కా గుర్రం తోక వెంట్రుకలు అడిగి తెచ్చాడు. పేటలు పేని బిగించి, కమానుకు కొత్త వెంట్రుకలు కట్టి, అవి జారకుండా పట్టుకుని పలికేందుకు పడవలకు పూసే గుగ్గిలం రుద్దాడు. శ్రుతి కోసం పేటలు బిగించే బిరడాలు తిప్పుతుంటే ఆమె పక్కనే కూర్చుంది.

“ఇంకా దించు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ!”

“వాయించడం రాదంటివే?”

“రాదు. పదకొండేళ్లు విన్నా.”

పాట మొదలైంది. సితారా గొంతు గరగరలాడినా అదే పాట. రెండో చరణం ముందు ఆమె చెయ్యెత్తింది.

“అక్కడ ఆగు నాయనా. మీ అన్న అక్కడ దగ్గేవాడు.”

దావీదు కమాను పైకెత్తి పట్టుకున్నాడు. ఒక దగ్గు దగ్గినంతసేపు ఇద్దరూ ఊరకున్నారు.

“ఇంక కానీ,” అంది రెబెక్కమ్మ.

రాసింది సామ్రాజ్యం, వయసు యాభై రెండు, ఇప్పుడుండేది ఇందుకూరుపేట.