పగులు పూడ్చిన పూట

తొమ్మిది అర్జీలకు ఉలకని హౌసింగు ఆఫీసు పదో అర్జీకి పలికింది. ఇంజనీరు వచ్చి ఇల్లు చూస్తాడట. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ, పేటలో అందరికీ అక్క, ఆ కబురు విని దండం పెట్టాలో తిట్టాలో తెలియక రెండూ చేసింది.

నాలుగంతస్తుల పాత బిల్డింగులో మూడో అంతస్తు, ఒకటే గది. పైకప్పుకి ఈ మూల నుంచి ఆ మూలకి పగులు, దానికి నాలుగైదు పిల్ల పగుళ్ళు. పన్నెండు రోజుల క్రితం అందులోంచి ఇటుకంత పెచ్చు ఊడి కూతురి దిండు మీద పడింది. పిల్ల బడిలో ఉంది కాబట్టి బతికింది. ఇంజనీరు కళ్ళారా చూసి 'ప్రమాదకరం' అని రాస్తే వేరేచోట గది ఇస్తారు. రాయకపోతే మళ్ళీ ఏడాది దాకా ఇటు తొంగి చూడరు.

ఇది చాలదన్నట్టు తాగుబోతు తమ్ముడొకడు. గోడ పనిలో వాడి చేతికి తిరుగులేదు, తాగనప్పుడు. తాగనిది ఎప్పుడని మాత్రం అడక్కూడదు. అక్క గ్యాస్ బండ అమ్మి మరీ తాగిన ఘనుడు. అలాంటివాడు ఆ దిండు చూసినప్పటి నుంచి చుక్క ముట్టలేదు. చేతులు వణుకుతున్నా ముట్టలేదు. అక్కకి లోపల సంతోషమే, పైకి మాత్రం "చూద్దాం, ఎన్నాళ్ళో" అంది.

ఆ రోజు పొద్దుటి షిఫ్టు ముగించుకుని, ఇంజనీరుని గేటు దగ్గరే పట్టుకుని, రెయిలింగు లేని మెట్ల మీద "గోడవైపు నడవండి సార్" అంటూ పైకి తెచ్చింది. తలుపు తోసింది.

గది తెల్లగా మెరుస్తోంది. కప్పు మీద పగులు లేదు, మరక లేదు. మంచం ఓ పక్కకి నెట్టేసి ఉంది, స్టూలు మీద తమ్ముడు, ఒళ్ళంతా సున్నం.

"పెద్దాయన వస్తున్నాడు కదక్కా, ఇల్లు పరువుగా ఉండాలని! మేస్త్రీని బతిమాలి తెల్ల సిమెంటు, సున్నం తెచ్చా. ఎలా ఉంది?"

అక్క ఇంజనీరు వైపు తిరిగింది. "దీని వెనకే ఉంది సార్ పగులు! నిన్నటిదాకా నాలుగు వేళ్ళు దూరేవి! ఉండండి, గీకి చూపిస్తా!" అని అట్లకాడ అందుకుంది.

"వద్దమ్మా. కొత్త ఇంటి కోసం కప్పు తామే పగలగొట్టుకునేవాళ్ళని రోజూ చూస్తున్నా. నాకు కనిపించిందే రాస్తాను." 'నివాసయోగ్యం' అని రాసి, పోతూ పోతూ తమ్ముడితో "పనితనం బాగుందయ్యా" అన్నాడు.

తమ్ముడు స్టూలు దిగాడు. "తప్పు చేశానా అక్కా?"

అక్కకి వాణ్ణి చితకబాదాలనిపించింది. పోనీ తన తల గోడకేసి కొట్టుకుందామంటే ఆ గోడ ఆగుతుందో లేదో. ఇన్నేళ్ళూ తాగి చేసిన వెధవ పనులన్నీ ఒక ఎత్తు, తాగకుండా చేసిన ఈ ఒక్క మంచి పనీ ఒక ఎత్తు. వాడు గుమ్మం వైపు చూస్తున్నాడు. ఇప్పుడు మెట్లు దిగితే ఎక్కడికి పోతాడో ఆమెకి తెలుసు.

"చేశావు. ఇంత బాగా చేయమని ఎవడు ఏడ్చాడురా నిన్ను?" అంది. "కదలకు. మంచం ఆ చివర పట్టుకో. పిల్ల వచ్చేలోగా జరపాలి."

వాడు పట్టుకున్నాడు. మంచం ఎత్తి ఇద్దరూ పైకి చూశారు. ఏ పగులు ఎటు పోయేదో, ఎక్కడ దింపితే క్షేమమో, ఆ తెల్లటి కప్పు మీద ఇద్దరికీ అంతుపట్టలేదు.