మూడు పొరల నీడ

సోములమ్మ మొక్కలకు నీడ కోసం కట్టిన నెట్ అంచును గడకర్రకు చుట్టి పైకెత్తింది. రెండో కొసను ఆమె తమ్ముడి పెళ్లాం రాజకుమారి పట్టుకుంది. మూడు పొరల ఆకుపచ్చ నెట్ కింద పాలిపోయి, ఈమధ్యే చిగుళ్లేస్తున్న నందివర్ధనం మొక్కల మీద ఎండ పడింది.

చింతపల్లి పక్కనున్న ఆ నర్సరీలో పని ఒక్కటే. పట్నంలో వంతెనల కింద, మేడల చాటున నాటే మొక్కల్లో ఏది ఎంత నీడకు ఓర్చుకుంటుందో తేల్చడం. ఒక వరసకు ఒక పొర, ఇంకోదానికి రెండు, చివరిదానికి మూడు. సురేంద్ర సారు వచ్చి మీటరుతో వెలుతురు కొలిచి, చిగుళ్లు చూసుకుని పోతుంటాడు. నెట్ కదపొద్దని అందరికీ చెప్పాడు. సోములమ్మ విన్నది గానీ ఆమె చేతులు వినలేదు. వాళ్ల కాఫీతోటలో ఏటా వానలకు ముందు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు నరికి కింది మొక్కకు వెలుగు ఇస్తారు. మొక్కను చీకట్లో మగ్గబెట్టడం ఆ ఇంట్లో పాపం.

“పాపం గుంటలు, కాసేపు ఎండ తాగనీ” అంది సోములమ్మ, మొక్కలు తన ఆడపిల్లలైనట్టు.

“బేగి దించీ వదినా, సారొచ్చేత్తాడు” అంటూ రాజకుమారి నవ్వింది. ఆమెకు ఈ పని ఇప్పించింది సోములమ్మే.

నెట్ దించాక సారు వచ్చాడు. మూడు పొరల కింది చిగుళ్లు చూసి ముందు మురిసిపోయాడు. ఒక పొర కింది మొక్కలకూ అంతే చిగుళ్లు ఉండటం చూశాక మొహం మాడ్చుకున్నాడు.

“నెట్ ఎవరెత్తారు? ఏడాది పరీక్ష గంగపాలైంది.”

తప్పు తనదేనని చెబుదామని సోములమ్మ నోరు తెరవబోయింది.

“మా వదినే సారూ” అంది రాజకుమారి. “రోజూ ఎత్తేత్తాది. వద్దని సెప్పినా ఇనదు.”

పరీక్ష అయ్యాక తమలో ఒక్కరినే పనిలో ఉంచుతారని ఇద్దరికీ తెలుసు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి సోములమ్మ వినడమేగానీ, ఇలా పక్కనే నిలబడి చూడటం ఇదే మొదలు.

“రేపట్నుంచి రావద్దు” అన్నాడు సారు.

ఆయన వెళ్లాక ఆమె ఒక్కటే అడిగింది.

“రెండో కొస ఎవులు పట్టారే?”

రాజకుమారి తల తిప్పకుండా మొక్కలకు నీళ్లు పడుతూనే ఉంది. ఆ సంగతి సారుకు చెబితే తమ్ముడింటికి వచ్చే కూలీ కూడా పోతుందనుకుంది సోములమ్మ. గేటు దాటి ఊరికి పోయే జీపు ఎక్కింది.

షెడ్డు గోడవార, ఆమె పొద్దున ఇద్దరికీ సరిపడా రాగుల చోడంబలి నింపి తెచ్చిన ఆనపబుర్ర, మూతికి కుక్కిన అడ్డాకు తీయకుండా అలాగే ఉంది.