ఓడ కూసిన క్యాసెట్

అరబ్బుల రేవు పట్నం మత్రాలోని సూక్ బజారులో సినిమా క్యాసెట్లు అమ్ముకునే కడప సమీయుల్లా జాజ్ అనే మాట విన్నది 1989లో. హోటల్ బ్యాండులో శాక్సఫోన్ వాయించే రాజమండ్రి ఇస్రాయేలు ఖాళీ క్యాసెట్ల కోసం వచ్చి, తాము వాయించింది ఒకటి వినిపించాడు. అందులో మాటల్లేవు. అయినా కౌంటరు కింద సమీయుల్లా కాళ్లు వాటంతటవే ఆడసాగాయి.

"ఇదేందన్నా, కాలు ఒకచోట నిలబడకుండాది?"

"జాజ్ అంటారండి దీన్ని. మా హోటల్లో తినేవాళ్లు ప్లేట్లోంచి తలెత్తి వింటే ఒట్టు," అన్నాడు ఇస్రాయేలు.

సాయంత్రానికల్లా సమీయుల్లా క్యాసెట్ కంపెనీ పెట్టేస్తానన్నాడు. మాటల్లేని పాట ఎవరు కొంటారని భార్య రషీదున్నీసా నవ్వింది గానీ, కంపెనీకి 'ఓడరేవు' అని పేరు పెట్టింది మాత్రం ఆమే.

స్టూడియో లేదు. ఒక శుక్రవారం పొద్దున బట్టల గోదాములో తానుల మధ్య సర్దుకున్నారు. మత్రాలోనే పుట్టిన బలూచీ గులాం నబీ డోలు పట్టాడు. వాయింపు మంచి ఊపులో ఉండగా రేవులో ఓడ కూత వేసింది. సమీయుల్లా తల పట్టుకున్నాడు. ఇస్రాయేలు కళ్లు మూసుకుని, ఓడ ఆపినచోట అదే స్వరాన్ని ఎత్తుకున్నాడు. ఓడ మళ్లీ కూసింది. ఈసారి డోలు బదులిచ్చింది. చివరికి ముగ్గురూ పగలబడి నవ్వారు. టేపులో ఆ నవ్వూ పడింది. తుడిచేద్దామంటే రషీదున్నీసా ససేమిరా అంది.

ఆ క్యాసెట్ ఇట్టే అమ్ముడైపోయింది. టాక్సీవాళ్లు మోగించారు, సమాయిల్ అనే లోపలి ఊరి ఖర్జూర తోటల్లో పెళ్లిళ్లకు పెట్టారు. రెండో క్యాసెట్ రికార్డు చేసిన రోజు ఏ ఓడా కూయలేదు. కొన్నవాళ్లు వెనక్కి తెచ్చి, ఓడ ఏదయ్యా అని నిలదీశారు. మూడోదానికి సమీయుల్లా సిగ్గు విడిచి రేవుకెళ్లి ఒక కెప్టెన్‌ను బతిమాలాడు. మొదటి క్యాసెట్ ఆయన దగ్గరా ఉందట. ఆ సంబరంలో ఆయన ఎంతసేపు కూయించాడంటే, ఏం ప్రమాదమోనని రేవులో జనం పరుగులు పెట్టారు.

ఏడేళ్లు అలా గడిచాయి. సీడీలు వచ్చాక క్యాసెట్ అడిగేవాళ్లు తగ్గి, 'ఓడరేవు' మూతపడింది. ఆ ఏడే సహం అనే ఊళ్లో గులాం నబీ కూతురి పెళ్లి. ఇస్రాయేలు శాక్సఫోన్ అందుకోగానే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చిందేయని సమీయుల్లా మగవాళ్ల నడుమకు దూకాడు. టోపీ ఎగిరిపడినా ఆగలేదు. ఆడవాళ్ల వైపు నుంచి రషీదున్నీసా కేక వినిపించింది.

"ఆపకుండా వాయించన్నా! ఈయనను ఇంకోసారి ఇట్లా చూస్తానో లేదో!"