ఏడంగుళాల మెట్టు

ఐరిస్ ఓల్డ్రాయిడ్ అప్పటిదాకా ఏదీ రాసి ఎరగదు. సంతకం పెట్టడం వచ్చు, అంతే. కాలవలో తిరిగే బొగ్గు పడవ మీద పుట్టిన పిల్ల. పడవ ఎక్కడాగితే ఆ ఊరి బడిలో రెండు రోజులు కూర్చోవడం, మళ్లీ బయల్దేరడం. అలా అయిదో క్లాసు అయిందనిపించి బడి మానేసింది. కూడబలుక్కుని చదువుతుంది గానీ, రాయాల్సిన అవసరం యాభై రెండేళ్లలో పడలేదు. సరుకుల జాబితా నోటికే వచ్చు. క్రిస్మస్ కార్డులు మొగుడున్నన్నాళ్లూ ఆయనే రాసేవాడు. ఆయన పోయాక కార్డులు మానేసి ఇంటింటికీ కేకు ముక్కలు పంపడం మొదలుపెట్టింది.

నలుగురిలో నోరు విప్పే మనిషి కూడా కాదు. ఎవరైనా కొత్తవాళ్లు పలకరిస్తే చెవుల దాకా ఎర్రబడుతుంది. అందుకే స్కార్‌బెక్ ఊరివాళ్లు ఆవిడకి చదువు గది తాళం చెవి అప్పగించారు. గదితో మాట్లాడక్కర్లేదు కదా. ఎప్పుడో ఉన్ని మిల్లు పనివాళ్లు కొండ రాళ్లు మోసి కట్టుకున్న గది అది. ఇప్పుడక్కడ ఎవరూ చదవరు. సోమవారం పేకాట, గురువారం అల్లికలు, ఎన్నికలొస్తే పోలింగు. రోజూ పొద్దున్నే ఐరిస్ తలుపు తీసి, ఊడ్చి, హీటరు వేసి, టీకి నీళ్లు పెడుతుంది. పోలింగు రోజయితే ఆరింటికల్లా వచ్చి, ఓటేసే పెన్సిళ్లు చెక్కి, ఎవరూ పట్టుకుపోకుండా బల్లలకి దారాలతో కడుతుంది.

ఆ గది ముందు ఒకటే మెట్టు. నల్ల రాయి. ఒంట్లో బాగున్నవాళ్లకి ఏడంగుళాల ఎత్తుంటుంది. బాగాలేనివాళ్లు ఎక్కబోతే దిగుతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకి సగం, పిల్లల బండి తోసుకొచ్చే తల్లులకి ముప్పాతిక. చక్రాల కుర్చీలో తిరిగే ఎనభై నాలుగేళ్ల వాల్టర్ సట్‌క్లిఫ్ వస్తే పూర్తిగా నేలలో కలిసిపోతుంది. ఆయన లోపలికెళ్లగానే నెమ్మదిగా పైకొస్తుంది. కొందరికి, వాళ్లకే సంగతి తెలియకముందే దిగేది. పోస్టాఫీసు నడిపే షబ్నమ్‌కి రెండోసారి నెల తప్పిన విషయం డాక్టరు కంటే ముందు మెట్టే చెప్పింది. ఒక ఏడాది రొట్టెలు తెచ్చే ఆయనకి దిగింది. వారం తిరక్కుండా ఆయనకి అపెండిక్స్ ఆపరేషనయింది. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. మెట్టన్నాక ఆ మాత్రం ఇంగితం ఉండాలి కదా అన్నట్టు ఉంటారు.

ఆ ఏడాది జనవరిలో కౌన్సిల్ వాళ్లు తలుపు మీద నోటీసు అంటించి పోయారు. జిల్లాలో పోలింగు కేంద్రాలన్నీ ఓటర్లకి వీలుగా ఉన్నాయో లేదో చూస్తున్నారట. అభిప్రాయాలు రాసి పంపమన్నారు. జనం చదివారు, తలూపారు, పేకాటకి వెళ్లిపోయారు.

మార్చిలో ఒక బుధవారం కౌన్సిల్ నుంచి నైజెల్ క్రాబ్‌ట్రీ అనే అతను వచ్చాడు. నలభై దాటినా గడకర్రలా సన్నగా, చురుగ్గా ఉన్నాడు. కారు దిగడమే గంతేసి దిగాడు. ఎండగా ఉందని ఐరిస్ బయట గోడ మీద టీ పెట్టింది. వాల్టర్ అప్పటికే తన కుర్చీలో అక్కడికి చేరాడు. కొత్త మనిషి వస్తే ఆయన ఇంట్లో ఉండలేడు.

"నోటీసు పెట్టి ఆరు వారాలైంది సట్‌క్లిఫ్ గారూ. మీ ఊరినుంచి ఒక్క కాగితం ముక్క రాలేదు," అన్నాడు నైజెల్.

"బాగున్నదాని గురించి ఏం రాస్తాం నాయనా? బాగుందనా?"

"పక్కూరు హోమ్‌షా నుంచి నలభై ఒకటొచ్చాయి."

"వాళ్ల హాల్లో చచ్చిన ఎలకల కంపు. ఎలకలు లేకపోయినా రాసేవాళ్లేలే, వాళ్లకి ఏడవడమంటే సరదా."

"మా ఆఫీసులో ఎవరూ రాయలేదంటే ఎవరికీ అక్కర్లేదని అర్థమండీ."

నైజెల్ మోకాళ్ల మీద కూర్చుని టేపుతో మెట్టు కొలిచాడు. ఏడు. 'చక్రాల కుర్చీకి పనికిరాదు' అని రాసుకున్నాడు.

"ఆగవోయ్," అంటూ వాల్టర్ కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. మెట్టు దిగింది. లోపలికెళ్లి, ఒక చుట్టు తిరిగి, మెట్టు మీదికొచ్చి ఆగాడు. "ఇప్పుడు కొలువు."

నైజెల్ వంగి చూశాడు. కొలవడానికేం లేదు. తల గోక్కున్నాడు. "నాకు తెలీనిదేం కాదు. మా అమ్మమ్మగారింట్లో మేడమెట్లూ ఇంతే. ఆవిడకి మూడు, మాకు పదమూడు. కానీ ఫారంలో దీనికి కాలమ్ లేదండీ. ఎత్తెంత అని ఒక్క అంకె అడిగారు. రెండొస్తే పెద్దది రాయాలి, అది రూలు."

"రాస్తే ఏమవుతుంది?"

"ఈ గది తీసేస్తారు. వచ్చే ఎన్నికలకి మీరంతా టౌన్లో స్పోర్ట్స్ సెంటరుకి రావాలి."

ఆరు మైళ్లు. రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో కుర్చీ ఎక్కదు. వాల్టర్ బిస్కెట్టు టీలో ముంచి, తీయడం మర్చిపోయాడు. అది విరిగి మునిగిపోయింది.

"ఇరవై ఒకటో ఏటనుంచి ఒక్క ఓటు మానలేదు నేను," అన్నాడు చివరికి. "నేనేసినవాడు ఒక్కసారీ గెలవలేదు, అది వేరే సంగతి." కుర్చీ తిప్పుకుని ఇంటికెళ్లిపోయాడు.

నైజెల్ మొహం చిన్నబోయింది. "నాకూ బాధేనమ్మా," అన్నాడు ఐరిస్‌తో. "శుక్రవారం సాయంత్రం దాకా గడువుంది. ఒక్క ఉత్తరం వచ్చినా కమిటీ ముందు పెట్టొచ్చు. ఇంటికొక ఫారం, పోస్టాఫీసులో దొరుకుతుంది. శుక్రవారం దాకానే నేనూ ఉంటాను. శనివారం కొండ పరుగు పందెం, ఇరవై రెండు మైళ్లు. తొమ్మిదేళ్లుగా ఒక్కటి మానలేదు." కప్పు గోడ మీద పెట్టి, తలుపు వెడల్పు కొలవడానికి మొదటిసారి లోపలికి అడుగేశాడు.

మెట్టు దిగింది.

అంగుళమో రెండో కాదు. వాల్టర్‌కి దిగినంత దిగింది. అతను కాగితాలు చూసుకుంటూ చదునైన నేల మీద నడిచినట్టు నడిచిపోయాడు. ఐరిస్ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను పొరబడ్డానేమో అనుకుంది. అతను బయటికొచ్చేటప్పుడు కళ్లార్పకుండా చూసింది. మళ్లీ దిగింది.

అతను కారెక్కుతుంటే ఆవిడ పక్కదాకా వెళ్లింది. నోరు తెరిచింది.

"ఏంటమ్మా?"

"రోడ్డు," అంది ఐరిస్, మొహమంతా ఎర్రబడిపోయి. "రోడ్డు మలుపులెక్కువ."

అతను నవ్వి చెయ్యూపి వెళ్లిపోయాడు.

మర్నాడు ఐరిస్ పోస్టాఫీసుకెళ్తే, షబ్నమ్ అడక్కుండానే ఫారం తీసి బల్ల మీద పెట్టింది. వాల్టర్ అప్పటికే అక్కడ కాపు కాసి ఉన్నాడు. ఆయన చేతులు వణుకుతాయి, కలం నిలవదు. తాము రాస్తే బాగానే ఉంటుంది గానీ, గది సంగతి ఐరిస్‌కి తెలిసినట్టు ఎవరికి తెలుసని ఊరంతా అప్పటికే తీర్మానించేసుకుంది.

"రాయి పిల్లా! బస్సుల గురించి రాయి. నా తుంటి గురించి రాయి. ఎనభై నాలుగేళ్లు మోసిన తుంటి అని రాయి," అన్నాడు వాల్టర్.

"ఆంటీ, ఫోన్ చేయొచ్చు కదా?" అంది షబ్నమ్.

"ఫోన్లో నా గొంతు పెగలదమ్మా."

ఫారం ఇంటికి తీసుకెళ్లింది. మధ్యలో ఒక గడి, అందులో నాలుగు గీతలు. వాల్టర్ తుంటి, రెండు బస్సులు రాస్తే గడి నిండిపోతుంది. మెట్టు దిగిన సంగతి రాస్తే దానికే సరిపోతుంది. రాయడమంటే ఇంత చోటు పడుతుందని ఆవిడకి తెలీదు. నోట్లో చిన్నగా ఉండే మాట కాగితం మీద కాళ్లు చాపుకుని కూర్చుంటోంది. గదిని తలచుకుంది, కుర్చీ తిప్పుకుని పోయిన వాల్టర్ వీపు తలచుకుంది. తర్వాత ఆ సన్నటి మనిషి కొండ మీద ఒక్కడే పరిగెత్తడం కళ్లకి కట్టింది. రెండు గంటలు పట్టింది. ఇలా రాసింది:

'అయ్యా, బుధవారం మీరు లోపలికెళ్తే మెట్టు మీకు దిగింది. వచ్చేటప్పుడూ దిగింది. వాల్టర్‌కి దిగినంత. శనివారం పరిగెత్తకండి. డాక్టరుకి చూపించుకోండి. మా గది బాగుంది. ఐరిస్ ఓల్డ్రాయిడ్.'

మధ్యాహ్నం వ్యాను వచ్చేలోపు తీసుకెళ్లి ఇచ్చింది. షబ్నమ్ చదివి, కళ్లజోడు తీసి పెట్టింది.

"ఇది గదిని నిలబెట్టే ఉత్తరం కాదు ఆంటీ."

"కాదమ్మా."

"వాల్టర్ తాత నిన్ను చంపేస్తాడు."

"తెలుసు. రేపటికి చేరుతుందా?"

"చేరుతుంది," అని షబ్నమ్ రెండు ముద్రలు గట్టిగా కొట్టింది. ఒకటి చాలు నిజానికి.

శనివారం ఐరిస్ వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. కొండ గట్టు మీద పరుగువాళ్లు చీమల బారులా పోతున్నారు. అందులో అతనున్నాడో లేడో అంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది? చివరి చీమ దాటేదాకా చూసి, అప్పుడు బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టింది.

మూడు వారాలకి కొత్త నోటీసొచ్చింది. వాల్టర్ పైకి చదివాడు. "స్కార్‌బెక్. వచ్చిన అభిప్రాయాలు, ఒకటి. పాత గదే ఉంచడమైనది." కుర్చీ గిర్రున తిప్పాడు. "ఏం రాశావే పిల్లా నువ్వు?"

"గది బాగుందని రాశాను," అంది ఐరిస్. అబద్ధమేం కాదు.

నైజెల్ సంగతి మాత్రం నోటీసులో లేదు. అడగడానికి ఐరిస్‌కి ధైర్యం చాల్లేదు.

మే మొదటి గురువారం పోలింగు. మధ్యాహ్నం దాకా జనం వస్తూనే ఉన్నారు. మెట్టు లేస్తూ దిగుతూనే ఉంది. జాబితా ముందేసుకున్న గుమాస్తాలిద్దరికీ ఐరిస్ టీ పోస్తుండగా గుమ్మం బయట ఒక మనిషి కనబడ్డాడు. కాస్త ఒళ్లు చేశాడు. పోలింగు కేంద్రాలన్నీ తనిఖీ చేస్తూ తిరుగుతున్న నైజెల్ క్రాబ్‌ట్రీ. ఐరిస్ చూపు అతని మొహం మీద నిలవలేదు, సరాసరి కాళ్ల మీదికి పోయింది. కెటిల్ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

పోయినసారి అతనికి అక్కడ కాలెత్తాల్సిన అవసరమే రాలేదు. అందుకని ఈసారీ చదునైన నేలనుకుని మామూలుగా అడుగేశాడు. మెట్టు కదల్లేదు. కాలు తట్టుకుని, అంత మనిషీ బోర్లా వచ్చి గుమాస్తాల బల్ల కాళ్ల దగ్గర పడ్డాడు.

పొద్దుటినుంచీ గదిలోనే తిష్ఠ వేసిన వాల్టర్ కేకేశాడు.

"ఏడు! పూర్తిగా ఏడంగుళాలూ! లే నాయనా, నిక్షేపంలా ఉన్నావు!"

వరసలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నైజెల్ లేవలేదు. నేల మీదే కూర్చుని, దోక్కుపోయిన కాలు రుద్దుకుంటూ, నవ్వుతూ, మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు.

"శుక్రవారం పొద్దున అందిందమ్మా మీ ఉత్తరం," అన్నాడు ఐరిస్‌తో. "ఆఫీసు నుంచే ఆస్పత్రికెళ్లాను. గుండెకి రెండు స్టెంట్లు వేశారు. ఆ మర్నాడు కొండెక్కి ఉంటే తిరిగి నడిచి దిగేవాడివి కాదన్నాడు డాక్టరు. కమిటీ వాళ్లకి ఉత్తరం చదివి వినిపించాను. ఎవరూ ఏం అడగలేదు. ఫారంలో రెండో గడి గీసి, ఎత్తు సున్నా అని కూడా రాసుకున్నారు."

ఐరిస్ చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. "టీ పోస్తాను," అంది. పోసింది. చక్కెర మూడు చెంచాలు వేసి, గుండె సంగతి గుర్తొచ్చి, ఆ కప్పు వాల్టర్‌కిచ్చి ఇంకోటి పోసింది.

వెళ్లేముందు నైజెల్ తనిఖీ ఫారం నింపాడు. "ప్రమాదాలేమైనా జరిగాయా అని అడిగారు. జరిగింది కదా, రాయాల్సిందే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తట్టుకుని పడే అవకాశం ఉంది. మెట్టు మీద హెచ్చరిక రాయించాలి."

"ఎవరు రాస్తారు?" అంది షబ్నమ్, ఓటు మడిచి పెట్టెలో వేస్తూ.

"ఈ ఊళ్లో రాసే మనిషి ఒక్కర్తే ఉంది," అన్నాడు వాల్టర్.

మర్నాడు పొద్దున ఐరిస్ తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె పట్టుకొచ్చింది. మోకాళ్ల కింద పాత గోనె వేసుకుని మెట్టు ముందు కూర్చుంది. మొదటి అక్షరాలు పెద్దవైపోయాయి, చివర్న చోటు చాలక ఇరికించాల్సొచ్చింది. అయినా దారిన పోయేవాళ్లకి చదవడానికి వీలుగానే ఉంది: 'మీకు ఒంట్లో బాగుందా? అయితే కాలెత్తి వేయండి.'