నాలుగు మిల్లీమీటర్లు

నేను పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనిచేస్తాను. ఊళ్లో సగం మంది నోళ్లు అచ్చులుగా నా బల్ల మీదే ఉంటాయి. అంత అనుభవం వెలగబెట్టి, మా నాన్న నోటి దగ్గరే తప్పు చేశాను.

నాన్న టైలరు. నలభై ఏళ్లు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కుట్టాడు. అవి జారకుండా కింది దవడ కాస్త ముందుకు పెట్టేవాడు, అదే అలవాటైపోయింది. ఆ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆయన పళ్లన్నీ ఊడాక, సెట్టు చేసే తొందరలో, కుట్టు మిషన్ ముందు కూర్చున్న మనిషి నోట్లోనే కొలతకి మైనపు దిమ్మలు పెట్టి "కొరుకు నాన్నా" అన్నాను. దవడ ముందుకు తోసి కొరికాడు. ఆ కొలతకే పళ్లు చేసేశాను.

"ఎలా ఉన్నాయి నాన్నా?"

"దివ్యంగా ఉన్నాయే. మా అమ్మాయి చేసిందంటే ఆషామాషీనా!"

బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ పళ్లు ఇకిలించి చూపించేవాడు.

ఎనిమిది నెలల తర్వాత అమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "ఏం దివ్యం? చిగుళ్లన్నీ పుళ్లు. నువ్వలా వెళ్లగానే తీసి డబ్బాలో పడేస్తారు. అన్నం మెత్తగా పిసికి పెడుతున్నాను. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు నాదైనా నాన్న మీదే అరిచాను. "నోరుంది కదా, చెప్పొచ్చుగా!"

"నువ్వు బాధపడతావని," అన్నాడు.

ఈసారి ల్యాబుకే తీసుకెళ్లాను. కింది దిమ్మకు పలక, పై దిమ్మకు సూది బిగించి, దవడ ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకి కదిపించాను. సూది పలక మీద బాణం గీసింది. దాని కొస దగ్గరే దవడ అసలు చోటు. నా పాత కొలత అంతకు నాలుగు మిల్లీమీటర్లు ముందుంది.

"ఈ సూదినైనా నేను పట్టుకోనక్కర్లేదుగా," అని నవ్వాడు.

కొత్త పళ్లు బుధవారం ఉదయానికే సిద్ధం. ఇంకాస్త పాలిష్ పెట్టి సాయంత్రం తీసుకెళ్దామని ఆగాను. మధ్యాహ్నం నాన్న మిషన్ మీదకు ఒరిగి, ఇక లేవలేదు.

"నోరు లోపలికి పోయిందే. చూడలేకపోతున్నాను, పళ్లు పెట్టు," అంటూ అమ్మ పాత డబ్బా ఇచ్చింది. నేను సంచిలోంచి కొత్తవి తీశాను. పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించి మెల్లగా మూశాను. రెండు వరుసలూ టక్కుమని కలిశాయి. ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు.

"ఇప్పుడు మీ నాన్నలా ఉన్నారు," అంది అమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. నాన్న ఆ పళ్లతో ఒక్క ముద్దైనా నమల్లేదు.

"ఎలా ఉన్నాయి నాన్నా?" అని అడిగాను. ఈసారి నిజం చెప్పినా బాధపడేదాన్ని కాదు.