ఎడమ వైపు జాయింటు

టైపు మాస్టారి కారు ఎప్పుడూ ఎడమ పక్కకి ఒరిగే ఉంటుంది. రెండే సీట్లున్న పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారు. కుడి వైపు మాస్టారు కూర్చుని నడుపుతారు, ఎడమ వైపు ఆయన భార్య కూర్చుంటుంది. ఆవిడ పోయి కొన్నేళ్లయింది. అయినా పొద్దున్నే ఆయన తలుపు తీసి పట్టుకోగానే సీటు కుంగుతుంది, బెల్టు దానంతటదే వచ్చి బిగుసుకుంటుంది. వీధిలో వాళ్లు "ఏం మాస్టారూ, షికారుకా ఇద్దరూ?" అని పలకరించి తమ పని తాము చూసుకుంటారు.

ఇద్దరూ అన్నమాటే గానీ ఆవిడ నోరు విప్పదు. బతికున్నప్పుడు ఎంత వాగుడుకాయో! ఇప్పుడు బరువు ఒక్కటే మిగుల్చుకుంది. పైగా ఇంట్లోకి రాదు. కారు దిగాక మాస్టారు ఒక్క కంచం, ఒక్క గ్లాసు కడుక్కుని గోడల మొహం చూస్తూ కూర్చుంటారు. పొద్దు గడవక ఆయన పడే బాధ పగవాడికి కూడా వద్దు.

ఆయన నోరారా మాట్లాడేది ఒక్క మెకానిక్ అమ్మాయితోనే. అమ్మాయంటే ఆయనకి అమ్మాయి, జుట్టు సగం నెరిసింది. ఆ మాటలకి సాకు గ్రీజు. కారు వెనక ఇరుసుకి, చక్రానికి మధ్య కూడిక గుర్తులాంటి జాయింటు ఒకటుంటుంది. అందులో రెండు రకాలు. ఒకదానికి కొన్ని నెలలకోసారి గ్రీజు కొట్టాలి. రెండోదాన్ని లోపలే గ్రీజు నింపి సీలు చేసేస్తారు, ఏళ్ల తరబడి దాని వంక చూడక్కర్లేదు. మాస్టారు ఎప్పుడూ మొదటిదే వేయించుకుంటారు. గ్రీజు కొట్టడం క్షణంలో పని, కబుర్లు మాత్రం భోజనాల వేళ దాకా సాగుతాయి.

ఆ రోజు మలుపు తిరుగుతుంటే ఎడమ చక్రం దగ్గర టకటకమంది. షెడ్డులో మెకానిక్ కారుని జాకీ మీదకి ఎత్తి, జాయింటు ఊడదీసి బల్ల మీద పెట్టింది.

"మళ్లీ ఎడమదే మాస్టారూ. పగులిచ్చింది."

"అదే రకం ఇంకోటి వేసెయ్యమ్మాయ్."

"వెయ్యను. గ్రీజు వెళ్లడానికి దాని నడుమ బెజ్జం ఉంటుంది, అక్కడే బలం తక్కువ. మీరొక్కరైతే మోస్తుంది, అమ్మగారు కూడా కూర్చుంటే ఆగదు. దార్లో విరిగిందంటే ప్రాణం మీదకొస్తుంది. సీలు రకం వేయించుకోండి, మళ్లీ నా దగ్గరికి రానక్కర్లేదు."

మాస్టారికి ఆ చివరి మాట ఒక్కటే వినపడింది. ఊరికే వచ్చి కూర్చోవచ్చుగా అంటారేమో, ఆయన సంగతి మీకు తెలీదు. పని లేకుండా ఒకరి గుమ్మం తొక్కాలంటే చచ్చేంత మొహమాటం. బల్ల మీద రెండు రకాల జాయింట్ల డబ్బాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన ఒకటి పట్టుకుని, దించి, ఇంకోటి పట్టుకుని చాలాసేపు తేల్చుకోలేకపోయారు.

"మా ఆవిడని దింపేసి నేను తిరగలేనమ్మా," అన్నారు చివరికి. "సీలుదే వెయ్యి. ఇక నీకు నా సొద తప్పుతుందిలే."

నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. మెకానిక్‌కీ ఆ షెడ్డులో ఇంకో మనిషి గొంతు వినపడదు. తుడిచిన స్పానరే మళ్లీ తుడుస్తూ నిలబడింది.

కారులో బెల్టు టక్కున ఊడింది. ఎడమ తలుపు తెరుచుకుంది. కుంగి ఉన్న సీటు మెల్లగా పైకి లేచి, కొత్తదానిలా చదునైంది. మాస్టారి చొక్కా కాలరు వెనక మడత పడి ఉంటే అది దానంతటదే సర్దుకుంది, దాని మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టు రవ్వంత సేపు అణిగి ఉంది. తర్వాత అదీ లేదు.

"ఏమేవ్," అన్నారు మాస్టారు.

ఆయన బల్ల పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. మెకానిక్ ఆయన తెరిపిన పడేదాకా ఆగింది.

"అమ్మగారు దిగిపోయారు మాస్టారూ," అంది నెమ్మదిగా. సీలు డబ్బా తీసి అలమరలో పెట్టేసి, రెండోది విప్పింది. "ఇక మీకు ఇది చాలు. వారం వారం వచ్చి గ్రీజు కొట్టించుకోవాలి మరి."

"కొన్ని నెలలకోసారి కదమ్మా?"

"దీనికి వారం వారం," అంది ఆవిడ, తల ఎత్తకుండా.

మాస్టారు వాదించలేదు.