మొదటి కప్పు టీచరుకే

పొద్దున్న ఆరింటికల్లా వేడినీళ్ళ బాయిలర్ గది ముందు ఫ్లాస్కులు బారులు తీరేవి. ఎర్రవి, పచ్చవి, మూత పగిలితే గుడ్డ చుట్టినవి. పిల్లలు తమ వంతుకి ఫ్లాస్కుల్ని నిలబెట్టి, తాము మాత్రం మైదానం చుట్టూ తిరుగుతూ ఇంగ్లీషు పాఠాలు గట్టిగా వల్లె వేసేవాళ్ళు. ఆ చలిలో పాఠంతో పాటు నోట్లోంచి పొగ కూడా వచ్చేది. మోరా కిటికీ దగ్గర నిలబడి అది చూస్తూ జుట్టు దువ్వుకునేది. ఐర్లండ్ నుంచి చైనాకి, గాన్సూలోని ఈ చిన్న ఊరి కాలేజీకి వచ్చి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాక ఆమెకిది రెండో చలికాలం. పిల్లలు ఆమెను మో టీచర్ అనేవాళ్ళు.

ఆ బారుల్లో గ్వో పెయ్‌లాన్ ఫ్లాస్కు ఎప్పుడూ ఉండేది కాదు. మూడేళ్ళ కిందట ఆ పిల్ల కొండల్లోని ఇంటి నుంచి బయల్దేరుతుంటే వాళ్ళమ్మ నింపిచ్చిన నీళ్ళు అందులో ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి. ఎన్నిసార్లు వంచుకున్నా ఇంకో కప్పుకి మిగిలేవి. తల్లి ఒంట్లో వేడి ఉన్నన్నాళ్ళూ అంతేనని హాస్టల్ గదిలో, క్లాసులో అందరికీ తెలుసు. అందుకని దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, వాడుకున్నారు.

గదిలో ఆరుగురు. వయసు వరసన అక్కా చెల్లీ అని పిలుచుకునేవాళ్ళు. పెయ్‌లాన్ మూడో అక్క. అందరికన్నా చిన్నది దింగ్ మాన్.

"మూడో అక్కా, నూడుల్స్‌లోకి కాసిని పొయ్యవే. బాయిలర్ దాకా ఎవరు పోతారు?"

"కాళ్ళున్నాయిగా నీకు."

"ఉన్నాయి, గడ్డకట్టాయి."

క్లాసులో మాత్రం మొదటి కప్పు టీచరుకే. పదింటికి పాఠం మొదలయ్యే ముందు పెయ్‌లాన్ సత్తు కప్పులో నీళ్ళు పోసి, మూత పెట్టి, రెండు చేతులా బల్ల మీద పెట్టేది. తను క్లాసులో తాగేది కాదు. "వేడిగా ఉందా టీచర్?" అని అడిగేది. "వేడిగా ఉంది" అనేది మోరా. ఊదుకుంటూ తాగుతుంటే ఎవరి అమ్మో తన వీపు నిమురుతున్నట్టుండేది.

డిసెంబరులో పెయ్‌లాన్ అన్న ఫోన్ చేశాడు, చెల్లికి కాదు, శాఖ పెద్ద ఫాన్ సారుకి. తల్లికి కడుపులో పుండు ముదిరిపోయింది. వసంతం దాకా ఉండదు. పెయ్‌లాన్‌కి పై చదువుల పరీక్ష ఇంకా మూడు వారాలుంది. అదయ్యేదాకా చెప్పొద్దు.

ఫాన్ సారు టీచర్లని, ఆ గదిలో పిల్లల్ని పిలిచి చెప్పాడు.

"ఆ పిల్లకి తెలియాలి కదా సార్," అంది మోరా.

"ఇది తల్లి కోరిక, మో టీచర్. మా అమ్మ పోయినప్పుడు నాకూ ఇలాగే దాచారు. నేను ఆ పరీక్ష పాసయ్యాను." ఆయన గ్లాసులో టీ ఆకులు కిందికి దిగేదాకా చూస్తూ ఉండిపోయాడు. "మీవాళ్ళు ఎలా చేస్తారో నాకు తెలీదు. మేం ఇలా చేస్తాం."



నాలుగు రోజులకి కప్పులో నీళ్ళు మోరా ఊదకుండానే తాగగలిగింది. "వేడిగా ఉందా టీచర్?" "వేడిగా ఉంది."

గదిలో పిల్లలు కూడా కనిపెట్టారు. తెల్లారగానే దింగ్ మాన్ ఫ్లాస్కుని కోటు కింద దాచుకుని బాయిలర్ దగ్గరికి పరుగెత్తేది. పాత నీళ్ళు కాసిని వంపేసి, మరుగుతున్నవి పట్టి, పెయ్‌లాన్ జడ వేసుకునేలోగా మంచం కింద పెట్టేది. సాయంత్రం మళ్ళీ ఇంకొకరు. మూడో అక్క తాగే వేళకి వేడిగానే ఉండేవి. పది గంటల క్లాసు దాకా మాత్రం ఆ వేడి నిలిచేది కాదు. ఆ గోరువెచ్చని అబద్ధమంతా మోరా ఒక్కతే మింగేది.

పరీక్ష ఇంకా పదకొండు రోజులుందనగా, కప్పు అంచు పెదవికి చల్లగా తగిలింది.

"వేడిగా ఉందా టీచర్?"

ఆ రోజు పెయ్‌లాన్ కప్పుని చూడలేదు, మోరా నోటిని చూసింది. చివరి బెంచీలో దింగ్ మాన్ వద్దు వద్దని తల ఊపుతోంది. ముప్ఫై మంది పిల్లల్లో ఒక్కరూ కాగితం తిప్పలేదు.

"లేదమ్మా," అంది మోరా. "చల్లారిపోతోంది. ఇంటికి వెళ్ళు."

పెయ్‌లాన్ ఫ్లాస్కుకి బిరడా బిగించి, శాలువా చుట్టుకుని బయటికి నడిచింది. మధ్యాహ్నం బస్సు ఎక్కిందని తరవాత తెలిసింది.

"పదకొండు రోజులే కదా టీచర్," అంది దింగ్ మాన్, ముక్కు చీదుకుంటూ. "పొద్దున్నే లేచి మేం మోశాం. మీరు ఒక్క గుక్క మింగలేకపోయారా?"

పరీక్ష హాల్లో ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఫాన్ సారు కోప్పడలేదు. మోరాకి నారింజ పళ్ళ సంచీ ఇచ్చి, "మీరు మంచివారు. వచ్చే ఏడాదికి మాత్రం ఇంకొకరిని చూసుకుంటాం," అన్నాడు.

వసంతంలో, పాప్లర్ చెట్ల దూది గాల్లో ఎగిరే రోజుల్లో పెయ్‌లాన్ తన పరుపుచుట్ట పట్టుకెళ్ళడానికి వచ్చింది. సంతాపానికి గుర్తుగా తెల్లటి రిబ్బను ముక్క జడకి కట్టుకుంది. కొండ మీది బడిలో చిన్న పిల్లలకి పాఠాలు చెబుతోందట. ఇక అక్కడేనట. పోతూ మోరా గదికి వచ్చి, నేల మీద సగం కట్టిన పెట్టెలు చూసి, వాటి పక్కనే చుట్ట దించింది. ఫ్లాస్కు తీసి, కప్పులో నీళ్ళు పోసి, మూత పెట్టి, రెండు చేతులా అందించింది.

"వేడిగా ఉందా టీచర్?"

మోరా ఒక గుక్క తాగింది. "లేదు."

పెయ్‌లాన్ తల ఊపి ఆ పరుపుచుట్ట మీదే కూర్చుంది.

"నీకెవరు చెప్పారని అడిగింది అమ్మ. నీళ్ళు చల్లబడ్డాయమ్మా అన్నాను. పరీక్ష పాడు చేసుకున్నావని ఒకటే తిట్లు. నా చెయ్యి వదలకుండానే రెండు రోజులు తిట్టింది, టీచర్." ఫ్లాస్కు బిరడాని బొటనవేలితో నిమిరింది. "మూడో రోజు తిట్టలేదు."